పుట్టినరోజుకు ట్యాంకర్

మనిషి పుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పుట్టినరోజు జరుపుకోవడానికి మాత్రం మా నాందేడ్‌లో థీమ్ కావాలి. నాలుగు బెలూన్లు ఊది, కేకు కోసి, వచ్చిన పిల్లల చేతిలో చాక్లెట్ పెట్టి పంపించే కాలం ఒకటి ఉండేదట. అలాంటి పరిస్థితుల్లో మన తరం ఎలా పెరిగి పెద్దదైందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

మా గల్లీ పిల్లలు చదివే బడిలో రెండో తరగతి తల్లులకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. పేరు 'గోడ్ క్షణ్'. మరాఠీలో తియ్యని క్షణాలని అర్థం. దానికి అధ్యక్షురాలు విద్యావతి. వజీరాబాద్‌లో రంగులూ పైపులూ అమ్మే వెంకట్రావ్ సేటు భార్య. ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు. గ్రూపు తయారు చేసింది ఆమే కాబట్టి అధ్యక్షురాలు కూడా ఆమే. (ప్రజాస్వామ్యం ఇంత తక్కువ ఖర్చుతో మరెక్కడా నడవదు.) గ్రూపు నియమావళి ప్రకారం ప్రతి పుట్టినరోజుకూ థీమ్ ఉండాలి. ఒకరు చేసిన థీమ్ అదే ఏడాది ఇంకొకరు చేయకూడదు. పిల్లను పార్టీలకు పంపిన ప్రతి తల్లీ తన వంతు రాగానే పార్టీ ఇవ్వాలి. ఇవ్వనివారి పిల్లలను పిలవడం 'తాత్కాలికంగా' ఆపేస్తారు. ఆ తాత్కాలికం ఎప్పుడు ముగుస్తుందో నియమావళిలో లేదు.

ఏప్రిల్‌లో ఈ నియమం రూపాలి గుమ్మం ఎక్కింది. రూపాలి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. భర్త విలాస్ వెంకట్రావ్ సేటు దుకాణంలోనే పని చేస్తాడు. దేగ్లూర్ వైపు మర్ఖేల్ నుంచి కూలి పనులు వదిలి నాందేడ్ వచ్చిన కుటుంబం. కూతురు ప్రగతికి ఏడేళ్లు నిండబోతున్నాయి. ఆ ఏడాది ఆ పిల్ల సముద్రం పార్టీకి వెళ్లింది, అంతరిక్షం పార్టీకి వెళ్లింది, అడవి పార్టీకీ వెళ్లింది. (అడవిలో పులినీ జింకనూ ఒకే చెట్టు కింద నిలబెట్టి ఫోటో తీశారు. చెట్టుతో సహా అందరూ ప్లాస్టిక్ కాబట్టి ప్రాణనష్టం జరగలేదు.) మూడు చోట్లా కేకు తిన్నది. ఇప్పుడు వంతు వచ్చింది.

"కేకు కోసి పంపుదాం. అయిపాయె," అన్నాడు విలాస్.

"అయిపోదు. థీమ్ లేకపోతే పోరిని ఇగ ఎవ్వరు పిలువరు."

"దుకాణంల నన్ను తీసెయ్యాలంటే గూడ సేట్ నెల ముందుగాల చెప్తడు. గీళ్లు గింత కడక్ ఉన్నరేంది."

"హాల్ గిట్ల మనతోని కాదు. ఇంట్లనే చేస్త," అన్నది రూపాలి. కూతుర్ని దగ్గరికి పిలిచి అడిగింది. "నీకేం థీమ్ కావాలె బిడ్డా?"

ప్రగతి ఆలోచించలేదు. ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న జవాబులా చెప్పింది.

"ట్యాంకర్."

తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజకుమారి ఎట్లుంటది, సీతాకోకచిలుక ఎట్లుంటది అని రూపాలి చాలా రకాలుగా నచ్చజెప్పింది. ప్రగతి కారణం చెప్పింది.

"ట్యాంకర్ అచ్చిన నాడు నువ్వు నన్ను తిట్టవు. నెత్తి మీదికెళ్లి తానం పోస్తవు. బాపు గూడ నవ్వుతడు."

ఇక్కడ మా గల్లీ గురించి ఒక మాట చెప్పాలి. గోదావరి మా ఊరిని ఆనుకునే పారుతుంది. అదే నది మీద దిగువన బాబ్లీ దగ్గర కట్టిన ఆనకట్ట నీళ్ల కోసం రెండు రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. మా గల్లీ ఆ కేసులో పార్టీ కాదు కాబట్టి మాకు ట్యాంకర్ వస్తుంది. దాన్ని పంపేది జల్‌ధారా పురవఠా మండలం. పురవఠా అంటే సరఫరా, మండలం అంటే బోర్డు. ఎప్పుడు పంపుతారన్నది వాళ్ల ఆంతరంగిక విషయం. కాబట్టి ప్రగతి చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మా గల్లీలో ఏ పంచాంగంలోనూ లేని పండుగ అదొక్కటే.

రూపాలి థీమ్ అనుమతి కోసం విద్యావతి ఇంటికి వెళ్లింది. అధ్యక్షురాలు కూలర్ ముందు కూర్చుని ఉంది.

"ట్యాంకరా? పెట్రోల్‌దా?"

"నీళ్లది, వైనీ." (వైనీ అంటే వదిన. జీతమిచ్చే సేటు భార్యను మా వైపు అలాగే పిలుస్తారు. బంధుత్వం ఆ పిలుపు దగ్గరే ఆగిపోతుంది.)

విద్యావతి ఓపికగా వివరించింది. "థీమ్ అంటే పిల్లలకు లేని లోకం చూపెట్టాలె రూపాలీ. రోజు చూసేదాన్నే పెడితే గది థీమ్ కాదు, సంసారం."

"రోజు యాడ చూస్తున్నం వైనీ. అచ్చి చాన దినాలైంది. పిల్లలు దాని షకల్ మర్చిపోతరేమో అనిపిస్తుంది."

ఇది వెటకారమా కాదా అని విద్యావతి ఆమె ముఖంలోకి చూసింది. రూపాలి ముఖంలో ఏమీ దొరకలేదు. కొంత ఆలోచించాక, గతేడాది ఒక డైనోసార్ పార్టీకి ఇచ్చిన అనుమతిని పూర్వోదాహరణగా తీసుకుని, ఇప్పుడు కనిపించని పెద్ద ఆకారాల కోవలో ట్యాంకర్‌ను ఆమోదించింది. ఒక షరతు పెట్టింది. ఇంట్లో చేసే పార్టీ కాబట్టి అధ్యక్షురాలు స్వయంగా వచ్చి పరిశీలిస్తుంది. ఇంట్లో చేసిన పార్టీ అని చూసినవాళ్లకు తెలియకూడదు.

నిర్మాణం మొదలైంది. విలాస్ దుకాణం నుంచి సొట్టపడి అమ్ముడుపోని నీళ్ల డ్రమ్ము, డబ్బాల అడుగున మిగిలిన నీలం రంగు తెచ్చాడు. (పారేయడానికి మనిషిని పెట్టాల్సి వస్తుందని సేటు ఉదారంగా ఇచ్చేశాడు.) కూలర్ వచ్చిన అట్టపెట్టె క్యాబిన్ అయింది. కూరగాయలమ్మే అంబాదాస్ ఒక పూట తన తోపుడు బండి ఇచ్చాడు. ఇంట్లో నీళ్ల ఫిల్టర్ ఒకటి ఉంది. శుభ్రం చేయడానికి ఏమీ లేక చాలాకాలంగా సెలవులో ఉంది. దాని నల్లా ఊడదీసి డ్రమ్ముకు బిగించారు. వెనకవైపు 'పాణీ హేచ్ జీవన్' అని రూపాలి చక్కగా రాసింది. నీరే జీవితమని మరాఠీలో. అసలు ట్యాంకర్ మీద కూడా అదే ఉంటుంది, కాకపోతే అక్కడ 'జీవన్' మీద మట్టి పడి 'పాణీ హేచ్' వరకే కనిపిస్తుంది.

మనవరాలి పుట్టినరోజుకు విలాస్ తల్లి శివవ్వ మర్ఖేల్ నుంచి బస్సులో పల్లీలు, బెల్లం మోసుకుని వచ్చింది. గుమ్మంలో నీలం డ్రమ్మును చూసి ఆగింది.

"ఏందే ఇది?"

"ట్యాంకర్ అత్తా. పోరి పుట్టినరోజుకు."

"మా దిక్కు పుట్టినరోజుకు బొట్టు పెడ్తరు. గీడ ట్యాంకర్ పెడ్తరా." ఆమె డ్రమ్ము మీద వేలితో కొట్టి చూసింది. ఖాళీగా మోగింది. "నీళ్లున్నయా దీంట్ల?"

"లేవు అత్తా."

"అయితే సరిగ్గనే చేసిండ్రు," అని లోపలికి వెళ్లిపోయింది.

కేకు కూడా ట్యాంకర్ ఆకారంలోనే ఉండాలి కదా. పొడవాటి స్టీలు డబ్బాలో రవ్వ పిండి పోసి కుక్కర్‌లో పెట్టి, తర్వాత అడ్డంగా పడుకోబెట్టి బిస్కెట్లతో చక్రాలు పెట్టారు. అది ఒక పక్కకు ఒరిగింది. రూపాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రగతి తల వంచి చూసి, "ట్యాంకర్ మన గల్లీ మూలకు మలుగుతుందమ్మా, అందుకే ఒరిగింది," అన్నది. దాంతో ఒరిగిన కేకు థీమ్‌లో భాగమైంది.

పార్టీ సాయంత్రం ఐదు గంటలకు. పిల్లలు, తల్లులు సమయానికి వచ్చారు. విద్యావతి కొడుకు శుభంను వెంటబెట్టుకుని, థీమ్‌కు తగినట్టు నీలం పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఇల్లు ఒకటే గది కాబట్టి అందరూ గల్లీలోనే నిలబడ్డారు. ఏప్రిల్ ఎండ నాందేడ్‌లో ఐదు గంటలకు దిగదు, కొంచెం సర్దుకుని కూర్చుంటుంది. ట్యాంకర్ మాత్రం గల్లీ చివర మూల దాటి రాలేదు. రూపాలి వెళ్లి చూస్తే, విలాస్ బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రగతి అట్టపెట్టె క్యాబిన్‌లో కూర్చుని కదలనివ్వడం లేదు.

"అందరు అచ్చిండ్రు బిడ్డా, పోదాం పా."

"ట్యాంకర్ చెప్పిన టైంకు అస్తదా అమ్మా?"

రూపాలి తిరిగి వచ్చి విద్యావతికి నెమ్మదిగా చెప్పింది. "జరసేపు ఆగాలె వైనీ. థీమ్‌లనే ఉన్నది."

అధ్యక్షురాలు ఆగింది. చెమట తుడుచుకుంది, మూల వైపు చూసింది, ఫోన్ చూసుకుంది, మళ్లీ మూల వైపు చూసింది. సముద్రం పార్టీలో ఆమె తడవలేదు. అడవి పార్టీలో ఆమెను పులి కరవలేదు. ఒక థీమ్ ఆమెకు తగలడం అదే మొదటిసారి.

చివరికి ప్రగతి నోటితో హారన్ మోగించింది. నీలం ట్యాంకర్ మూల తిరిగింది. ఆ తర్వాత జరిగినదానికి రూపాలి ఏ ఆటా రాసుకోలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. పిల్లలు కేకలు పెడుతూ పరిగెత్తారు, క్షణంలో వాళ్లంతట వాళ్లే లైను కట్టారు. ఒకడు చెప్పులు విడిచి తన చోట్లో పెట్టి నీళ్లగ్లాసు కోసం పోయాడు. ఒకమ్మాయి తన ముందు రాయి పెట్టి, "ఇది మా పెద్దమ్మ నంబర్, ఇప్పుడే అస్తది," అని ప్రకటించింది. పెద్దమ్మ వచ్చేది దేగ్లూర్ నుంచా అని ఇంకొకడు అడిగాడు. చిన్న తోపులాట జరిగింది, అలవాటైన వాళ్ల మధ్య జరిగినట్టే త్వరగా సర్దుకుంది. డ్రమ్ములో నిమ్మకాయ షర్బత్ ఉంది.

శుభం ఒక్కడికే ఈ ఆట తెలియదు. నేరుగా నల్లా దగ్గరికి వెళ్లి గ్లాసు పెట్టాడు. లైను మొత్తం అడ్డం తిరిగింది.

"నీ ఇంట్ల బోర్ ఉన్నది. నీకు నంబర్ లేదు," అన్నాడు ఒకడు.

శుభం పెదవి వణికింది. విద్యావతి ముందుకొచ్చింది. "పోనియ్యుండ్రి బేటా, ఒక్క గిలాసే కదా."

పిల్లలు కదల్లేదు. నల్లా మీద ఉన్న విలాస్ చేయి ఆగిపోయింది. లైనులో ఉన్నవాళ్లు గల్లీ పిల్లలు, పక్కనున్నవాడు సేటు కొడుకు. విలాస్ నల్లా వైపు తప్ప ఎటూ చూడలేదు. అప్పుడు క్యాబిన్‌లోంచి డ్రైవర్ తల బయటికి పెట్టింది.

"శుభం నగరసేవక్ అయితడు," అన్నది ప్రగతి. "నగరసేవక్‌కు లైన్ ఉండదు."

(నగరసేవక్ అంటే మా వార్డు కార్పొరేటర్.) ఇది న్యాయంగానే ఉందని పిల్లలందరికీ తోచింది. దారి ఇచ్చారు. శుభం కళ్లు తుడుచుకుని, ఏం చేయాలని అడిగాడు.

"నల్లా మీద చెయ్యి పెట్టి ఫోటో దిగు. తర్వాత ఫస్ట్ నీ ఇంటికే పోవాలె."

శుభం ఫోటో దిగాడు. (తీసింది వాళ్లమ్మే.) ఆ తర్వాత తన పదవిని చాలా తొందరగా అర్థం చేసుకున్నాడు. మొదట గ్లాసు నింపుకున్నాడు, తర్వాత జగ్గు అడిగాడు, తర్వాత తనవాళ్లని ఇద్దరిని ముందుకు పిలిచాడు. అందరూ నవ్వారు. తల్లులు కూడా నవ్వారు. లైను సగం దాటేసరికి నల్లా బుసబుసలాడి ఆగిపోయింది.

రూపాలి అందరికీ సరిపోయేలాగే కలిపింది. నగరసేవక్ వస్తాడని అప్పుడు అనుకోలేదు. వెనక మిగిలిన పిల్లలు ఏడుస్తారని కంగారుపడింది. ఎవరూ ఏడవలేదు. ఖాళీ గ్లాసులు బోర్లించుకుని, చెప్పులు తొడుక్కుని, అరుగు మీద కూర్చున్నారు. "ఇగ ఎల్లుండి అస్తది," అని ఒక పాప పక్కపిల్లకు ధైర్యం చెప్పింది.

ఆ మాట రూపాలి విన్నది. మళ్లీ కలపడానికి లోపలికి వెళ్లింది. నిమ్మకాయలున్నాయి, చక్కెర ఉంది. బిందె ఎత్తి చూసింది, కింద పెట్టింది. ఉన్న మంచినీళ్లన్నీ డ్రమ్ములోకే పోయాయి. పొయ్యి గట్టు పట్టుకుని అలాగే నిలబడింది. పిల్లలు ఏడ్చి గోల చేసి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేది. ఏడవకుండా కూర్చున్నవాళ్లకు ఏం చెప్పాలో తెలియలేదు.

శివవ్వ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యేసింది. "పోరితోని కేకు కోయించు. నీళ్ల తిప్పల ఎప్పుడుండేదే."

సరిగ్గా అప్పుడే గల్లీ చివర హారన్ మోగింది. ఈసారి నోటితో కాదు.

మొదట ఎవరూ నమ్మలేదు. ప్రగతే మళ్లీ మోగించిందనుకున్నారు. ఆ తర్వాత మట్టికొట్టుకున్న అసలు ట్యాంకర్ మూల తిరిగింది, పార్టీ అక్కడితో రద్దయింది. తల్లులు జరీ అంచులు నడుముకు దోపుకుని ఇళ్లలోకి పరిగెత్తి బిందెలతో వచ్చారు. అరుగు మీది పిల్లలు లేచి అసలు లైనులో చేరారు. పక్క గల్లీ ఉమాబాయికి అధ్యక్షురాలు ఎవరో తెలియదు. ఊరికే నిలబడ్డ నీలం చీర మనిషి కనిపించేసరికి రెండు బిందెలు ఆమె చేతిలో పెట్టి, "గట్టిగ పట్టుకో అక్కా, నేను పైపు అందుకుంట," అన్నది. విద్యావతి పట్టుకుంది. మోకాళ్ల వరకు తడిసింది.

డ్రైవర్ నాగన్న దిగి, బెలూన్లు కట్టిన చిన్న ట్యాంకర్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎవ్వలు చేసిండ్రు? మా దానికంటె మంచిగున్నది. నీళ్లు కారుత లేవు."

"నాగన్న కాకా, నా పుట్టినరోజని నీకు ఎవ్వలు చెప్పిండ్రు?" అని ప్రగతి అడిగింది.

నాగన్న వంగి చిన్న ట్యాంకర్ చక్రాన్ని తట్టాడు. "మా ఆఫీసుల చెప్పిండ్రు బిడ్డా. పోరి పుట్టినరోజున్నది, ఇయ్యాల పోవాలె అన్నరు."

(మండలం మీద మా గల్లీలో ఎవరైనా మంచిమాట చెప్పింది ఆ ఒక్కసారే. అదీ అబద్ధం.)

బిందెలన్నీ నిండాక ఒరిగిన కేకు కోశారు. మొదటి ముక్క నాగన్నకు పెట్టారు. ఆ సాయంత్రం రూపాలి కూతురికి తలమీద నుంచి నీళ్లు పోసి, చెవుల వెనక రుద్దుతూ ఒక్క మాట కూడా తిట్టలేదు. తన పుట్టినరోజుకు నిజం ట్యాంకర్ వచ్చిన పిల్ల బడిలో ఇంకొకతి లేదని ప్రగతి లెక్క తేల్చింది. విలాస్ నవ్వాడు.

గ్రూపులో విద్యావతి ఫోటోలు పెట్టింది. స్పందన అపూర్వంగా వచ్చింది. లైను ఎంత సహజంగా ఉందో మెచ్చుకున్నారు. చివర్లో అసలు ట్యాంకర్ రప్పించడం మాస్టర్ ఐడియా అన్నారు. అది ఏ ఈవెంట్ వాళ్లదో నంబర్ పంపమని ఇద్దరు అడిగారు. ఇంట్లో చేసిన పార్టీలా లేదు అని అధ్యక్షురాలు ధ్రువీకరించింది. ప్రగతి పేరు పిలుపుల్లో నిలిచింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. మే నెలలో శుభం పుట్టినరోజు వచ్చింది. శుభం ట్యాంకర్ థీమే కావాలన్నాడు, అన్నం మానేశాడు. ఒకే ఏడాది ఒకే థీమ్ రెండుసార్లు చేయకూడదన్న నియమం ఉంది. అధ్యక్షురాలు ఆ నియమాన్ని నిశితంగా పరిశీలించి, మొదటిది చిన్న ట్యాంకర్, ఇది పెద్ద ట్యాంకర్, కాబట్టి రెండూ వేరని నిర్ణయించింది.

ఊరి బయట ఒక లాన్ మాట్లాడారు. ఈవెంట్ వాళ్లు వచ్చారు. రూపాలిని ఒకసారి పిలిపించి ఆమె ఎలా చేసిందో అన్నీ అడిగి తెలుసుకున్నారు. దానికి వాళ్లు 'కాన్సెప్ట్' అని పేరు పెట్టుకున్నారు. అతిథులు ఎండలో నిలబడడం, షర్బత్ అయిపోవడం లాంటి లోపాలను సరిదిద్దారు. పచ్చగడ్డి మీద అసలు ట్యాంకర్‌నే నిలబెట్టి, పైన గొట్టాలు వేసి, పాటలకు తగినట్టు వాన కురిపించారు. పిల్లలు ఆ వానలో ఎగిరారు. పైపు పట్టుకోవడానికి దుకాణం నుంచి విలాస్‌ను పిలిపించారు.

ఆ రోజు మా గల్లీకి ట్యాంకర్ పంపుతామని మండలం వాళ్లు చెప్పిన రోజు. మధ్యాహ్నం నుంచి ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. మండలానికి ఫోన్ చేస్తే సహాయక పంపిణీ అధికారి ఎత్తి, వాహనం సాంస్కృతిక విధుల మీద బయటికెళ్లిందని మర్యాదగా చెప్పాడు.

లాన్‌లో రూపాలి ట్యాంకర్ పక్కన నాగన్నను చూసింది. నాగన్న తల దించుకున్నాడు.

"ఏం జేయాలె చెల్లె. మీ గల్లీకి పొయ్యేదాన్నే గీడికి మలిపిండ్రు."

"నీదేమున్నది నాగన్నా," అన్నది రూపాలి. వానలో పైపు పట్టుకుని నిలబడ్డ భర్త అటువైపు నుంచి చూస్తున్నాడు.

ప్రగతి మాత్రం కాసేపు ఎగిరి, తడిసిన గౌనుతో తల్లి దగ్గరికి వచ్చింది. చాలాసేపు అంతా గమనించినట్టుంది.

"అమ్మా, గిది ట్యాంకర్ థీమ్ కాదు. లైనే లేదు."

"పెద్దోళ్ల ట్యాంకర్‌కు లైన్ ఉండదు బిడ్డా."

వాన ఆగాక గడ్డి మీద నీళ్లు మడుగులు కట్టాయి. వాటిని తోడి గోడ అవతల పోయడానికి ఇద్దరు మనుషులను పెట్టారు. వెళ్లేటప్పుడు పిల్లలందరికీ రిటర్న్ గిఫ్టులిచ్చారు. థీమ్‌కు తగినట్టుగా, శుభం బొమ్మ అంటించిన లీటరు నీళ్ల సీసా ఒకటి. మా గల్లీ పిల్లలు సీసాలు జాగ్రత్తగా ఇళ్లకు తెచ్చారు. తల్లులు బొమ్మ వైపు చూడకుండా మూతలు తీసి ఆ నీళ్లతోనే పప్పు ఉడకబెట్టారు. ఇంతవరకు ఇచ్చిన రిటర్న్ గిఫ్టులన్నిటిలో ఇదొక్కటే పనికొచ్చిందని గ్రూపులో అందరూ రాశారు, విద్యావతి అందరికీ దండం బొమ్మ పెట్టింది.